ఏ సినిమాలోనూ లేని గొంతు

సౌండ్ రికార్డింగ్‌లోకి కొత్తగా వస్తున్న పిల్లలు బడంగ్‌పేట్‌లో మా ఇంటికి అప్పుడప్పుడు వస్తుంటారు. కూర్చోగానే మైకుల గురించి అడుగుతారు. ఏది కొనాలి, ఏది అద్దెకు తెచ్చుకోవాలి, చీర కింద మైకు పెడితే బట్ట రాపిడి వినపడకుండా ఏం చేయాలి. వీటిలో సగం సంగతులు నాకంటే వాళ్లకే బాగా తెలుసు. నేను చెప్పగలిగింది మనుషుల సంగతి. అది కూడా అన్నీ చెప్పలేను. ఎక్కువగా ఒక్క సినిమా గురించి, ఒక్క ఆవిడ గురించి చెబుతాను. ఉద్యోగం అంటే ఏమిటో నాకు నిజంగా తెలిసింది అక్కడే.

మేం చేసే పని

తెలుగు సినిమాలో షూటింగ్ అప్పుడు పట్టిన మాటలను చాలావరకు పారేస్తాం. అలా పట్టిన రికార్డింగ్‌ను పైలట్ అంటాం. ఆ పైలట్‌ను వింటూ తర్వాత స్టూడియోలో మాటలన్నీ కొత్తగా చెప్పిస్తారు. హీరోయిన్‌కయితే చెప్పేది ఇంకెవరో. కాబట్టి సెట్‌లో రికార్డిస్టును ఎవరూ పెద్దగా లెక్కచేయరు. జనరేటర్ పక్కనే కుర్చీ వేస్తారు. ఎప్పుడో ఒకసారి, షూటింగ్‌లో పట్టిన మాటనే సినిమాలో ఉంచాలని పట్టుబట్టే డైరెక్టర్ తగులుతారు. అలాంటి సినిమా వచ్చినప్పుడు మాకు పండగ.

నాకు పని నేర్పిన మూర్తి గారు కోపిష్ఠి. హెడ్‌ఫోన్ వైరు సరిగ్గా చుట్టకపోతే అందరి ముందూ తిట్టేవారు. ఆయన చెప్పినవాటిలో చాలా మర్చిపోయాను గానీ ఒకటి మర్చిపోలేదు. "మైకు తగిలించుకున్నవాళ్లు కాసేపటికి దాని సంగతే మర్చిపోతారు. నువ్వు మర్చిపోకూడదు. షాట్ అయిపోగానే మిక్సర్‌లో వాళ్ల గొంతు తగ్గించెయ్. విన్నది నీది కాదు." మా యూనిట్‌లో ఒకతను అలా విన్న మాటలను భోజనాల దగ్గర కథలుగా చెప్పి నవ్వించేవాడు. మూర్తి గారు అతన్ని మధ్యాహ్నం బండికే ఇంటికి పంపించేశారు. అప్పుడు అన్యాయం అనిపించింది. ఇప్పుడు అనిపించడం లేదు.

పాల్మాకుల దగ్గర ఇల్లు

సినిమా పేరు చెప్పను. కథ మాత్రం చెబుతాను. ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల భూములు కొని అమ్మే ఒకాయన, ఆయన భార్య. పిల్లలు పెద్దవాళ్లయి హాస్టళ్లకు వెళ్లిపోయారు. ఆవిడకు యాభై దగ్గర పడుతుంది. ఒక పొద్దున లేచి, ఇన్నాళ్లూ ఈ ఇంట్లో తిరిగింది నేనేనా అని అడగడం మొదలుపెడుతుంది. కొట్టే మొగుడు కాదు, తాగే మొగుడు కాదు. ఆవిడ కష్టం ఏమిటో ఇంట్లో ఎవరికీ తెలియదు, చాలాకాలం ఆవిడకే తెలియదు. చివరికి ఇల్లు వదిలి బస్సెక్కుతుంది. అంతే సినిమా.

డైరెక్టర్ శ్రావణి అని చిన్న వయసు అమ్మాయి, మొదటి సినిమా. మాటలన్నీ శంషాబాద్ వైపు యాసలో రాసుకుంది. పాల్మాకుల దగ్గర ఒక ఇల్లు చూసి, షూటింగ్ మాటలనే సినిమాలో ఉంచుతానంది. నేను ఇల్లు చూడ్డానికి వెళ్లిన గంటలోపే నెత్తి మీద నుంచి విమానాలు వరసగా పోయాయి.

"అమ్మా, ఇక్కడ లైవ్ సౌండ్ అంటే ఆత్మహత్యే" అన్నాను.

"ఆ ఇంట్లో ఉండేవాళ్లు మాట్లాడుకుంటున్నారు కదా సార్" అంది.

నిజమే. ఇంటివాళ్లు విమానం రాగానే మాట ఆపుతున్నారు, పోగానే ఆపిన చోట మళ్లీ అందుకుంటున్నారు. ఎవరూ నేర్పలేదు వాళ్లకు. మేమూ అలాగే చేశాం. మొదటి వారం విసుగొచ్చింది, తర్వాత అలవాటైపోయింది.

నీరజ గారు

భార్య వేషం నీరజ గారిది. ఒకప్పుడు పెద్ద హీరోయిన్. పెళ్లయ్యాక కొన్నాళ్లు ఆగి, అక్కలుగా, వదినలుగా మళ్లీ వేసింది. భర్త ప్రభాకర్ గారు నిర్మాత. ఈ సినిమాకూ ఆయనే నిర్మాత. గోదావరి జిల్లా మనిషి. నెమ్మదస్తుడు. సెట్‌లో లైట్‌బాయ్‌ను కూడా మీరు అనే పిలిచేవారు. భార్యకు ఎండ తగలకుండా గొడుగు తెప్పించేవారు, మందులు వేళకు ఆయనే ఇచ్చేవారు. ఆయన్ని చెడ్డవాడని నేను ఎప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను.

మొదటి రోజు మైకు పెట్టాక, ఏదైనా మాట్లాడండి మేడమ్ అన్నాను.

"మేడమ్ ఏంది అన్నా. నాది గీ ఊరే. గీడ అందరు ఎస్తేరనే పిలుస్తరు. గా చర్చి ఎనుక సందుల మా అమ్మ ఇల్లు."

నా చెయ్యి మిక్సర్ మీద ఆగిపోయింది. ఆవిడ సినిమాలు ఎన్నో చూశాను, కొన్నింటికి పనిచేశాను కూడా. ఆ గొంతు ఎప్పుడూ వినలేదు. కాస్త బొంగురుగా, మాట చివర కిందికి దిగిపోయే గొంతు. తెర మీద ఆవిడకు ఎప్పుడూ అనసూయ గారనే ఆవిడ చెప్పేవారు. పాలమీగడలాంటి గొంతు ఆవిడది. నీరజ అంటే జనానికి ఆ గొంతే.

తర్వాత తనే చెప్పింది. కొత్తగా వచ్చిన రోజుల్లో ఒక డైరెక్టర్, ఈ అమ్మాయి నోరు తెరిస్తే కామెడీ అయిపోతుంది, మూసుకోమనండి అన్నాడట. పేరు మార్చారు. గొంతు మార్చారు. ఒకసారి చీరల షాపు ప్రారంభానికి పిలిచి మైకు చేతికిచ్చారు. రెండు మాటలు మాట్లాడేసరికి జనంలో గుసగుసలు మొదలయ్యాయి. ఈమె ఆమె కాదేమో అన్నారట. ఆ తర్వాత సభల్లో ప్రభాకర్ గారే మాట్లాడేవారు, ఆవిడ దండం పెట్టేది.

"ఇంట్ల సుత జర మంచిగ మాట్లాడు అంటడు అన్నా. సుట్టాలొస్తె ముందే చెప్తడు. మంచిగ అంటే ఆయన లెక్క పలకాలె. నేను పలికినప్పుడల్లా నా నోటి దిక్కే చూస్తడు."

నవ్వుతూనే చెప్పింది. నేను మైకు సరిచేస్తూ విన్నాను.

ఈ సినిమాలో మాత్రం ఆవిడ గొంతే ఉంటుందని అందరం అనుకున్నాం. శ్రావణి ఒప్పందంలా ముందే చెప్పింది. ప్రభాకర్ గారు సరేనన్నారు. పనికి వచ్చే ప్రతి పొద్దునా ఆవిడ ముఖంలో పరీక్షకు బాగా చదువుకుని వచ్చిన పిల్ల కళ ఉండేది. మధ్యాహ్నం సందులో ఇంటికి పోయి, వాళ్లమ్మ దగ్గర అన్నం తిని వచ్చేది. వచ్చేటప్పుడు నాకు ఒక గిన్నెలో పచ్చిపులుసు తెచ్చేది.

వంటింటి సీను

సినిమాకు గుండెకాయ ఆ సీను. భార్య వంటింట్లో నిలబడి, నేను పోతున్న అని మొగుడికి చెబుతుంది. కోపం లేదు, ఏడుపు లేదు. చెప్పడం ఒక్కటే. మొగుడి వేషం వేసినతను మంచి నటుడు, ఎదుటివాళ్లకు చోటిచ్చేవాడు.

ప్రభాకర్ గారు ఆ రోజు నా పక్క కుర్చీలో కూర్చుని రెండో హెడ్‌ఫోన్లు పెట్టుకున్నారు. నిర్మాతలు అలా వినడం మామూలే. రెండు టేకులు విమానాలు తినేశాయి. మూడోదానికి ఆకాశం ఖాళీ అయింది.

స్క్రిప్టులో ఉన్న మాటలన్నీ ఆవిడ చెప్పింది. శ్రావణి కట్ చెప్పలేదు. ఆవిడ ఆగలేదు.

"నాకేం కావాల్నో గిన్నేండ్లు నువ్వే చెప్పినవ్. మంచిదే చెప్పినవ్. గని నేను మాట్లాడుతుంటే నువ్వు మాట ఇనవు. నా నోటి దిక్కు చూస్తవు. ఏడ తప్పు పలుకుతనో అని చూస్తవు. నేను తప్పు పలుకుతలేను. నేను గిట్లనే పలుకుత. మా అమ్మ గిట్లనే పలుకుతది. నీ ఇంట్ల నేను నోరు మూసుకున్నది మర్యాదకు కాదు. భయానికి."

కథలో ఆ మొగుడు కూడా అదే ఊరివాడు. భార్య పలుకు దిద్దాల్సిన పని అతనికి లేదు. ఆ మాటలు ఎవరికి తగిలాయో వంటింట్లో ఉన్నవాళ్లలో కొందరికి వెంటనే అర్థమైంది, కొందరికి కాలేదు. నటుడు తల దించుకున్నాడు, అదీ సీనుకు సరిపోయింది. అప్పుడు శ్రావణి కట్ అంది.

ప్రభాకర్ గారు హెడ్‌ఫోన్లు తీసి, వైరు చిక్కుపడకుండా జాగ్రత్తగా బల్ల మీద పెట్టారు.

"బాగా వచ్చిందా సత్యం గారూ?"

"వచ్చింది సార్."

"విమానం ఏదో వినపడినట్టుంది."

"లేదు సార్. శుభ్రంగా ఉంది."

"ఒకసారి చూసుకోండి."

లేచి కారు వైపు వెళ్లారు. లోపల నుంచి నీరజ గారు బయటికి వచ్చి ఆయన కోసం చూసింది. కారు గేటు దాటుతోంది.

ప్రివ్యూ తర్వాత

ఎడిటింగ్ అయ్యాక సినిమాను కొనే డిస్ట్రిబ్యూటర్లకు చూపించారు. వాళ్లు బాగుందన్నారు, కానీ ఈ గొంతేమిటన్నారు. నీరజ తెర మీద కనపడుతుంటే ఇంకెవరో మాట్లాడుతున్నట్టుందన్నారు. ప్రభాకర్ గారు మర్నాడే అనసూయ గారికి కబురు పంపించారు.

శ్రావణి ఏడ్చింది, పోట్లాడింది, తన పేరు తీసేయమంది. మొదటి సినిమా డైరెక్టర్ మాట ఎంతవరకు చెల్లుతుందో అంతవరకు చెల్లింది. యాస ఉంచుతామన్నారు, గొంతు మాత్రం మార్చాల్సిందేనన్నారు. నేనూ వెళ్లి అడిగాను. సార్, ఇంత శుభ్రమైన సౌండ్ నా సర్వీసులో పట్టలేదు, ఆ వంటింటి సీను ఒక్కటైనా ఉంచండి అన్నాను.

"మీ పని గొప్పగా ఉంది సత్యం గారూ. అందులో తిరుగులేదు. కానీ జనం నవ్వుతారండీ. ఇన్నేళ్లు కష్టపడి తెచ్చుకున్న పేరు. ఆమెను చూసి నవ్వితే నేను తట్టుకోలేను."

ఆ మాట అబద్ధం కాదని ఆయన ముఖం చూస్తే తెలిసింది.

కుర్రాళ్లు ఇలాంటి చోట కోపగించుకుని పని మానేస్తామంటారు. మానేయొచ్చు. సినిమా మాత్రం నిర్మాతది. మనం పట్టిన గొంతు మీద మనకు హక్కేమీ లేదు. ఈ ఉద్యోగంలో అన్నిటికంటే కష్టమైన సంగతి అదే, ఎవరూ ముందుగా చెప్పరు.

నీరజ గారికి ఫోన్ చేశాను.

"పరేషాన్ కాకు అన్నా."

"మీరు గట్టిగా అడగొచ్చు కదమ్మా."

"అడిగిన. నీ మంచికే అన్నడు. ఆయన నిజంగనే గట్ల అనుకుంటడు. ఆయనకు కోపమొస్తె కొట్లాడుత. మంచికే అనేటోనితోని ఏం కొట్లాడుత?"

తర్వాత తనే అంది. "సినిమాల ఆమె బస్సెక్కింది. ఆడికే అయిపోయింది. బస్సు దిగినంక ఏడికి పోతదో శ్రావణి రాయలె."

అనసూయ గారు

డబ్బింగ్ ఫిల్మ్‌నగర్‌లో. పాత సౌండుకు కొత్త మాట అతకాలని నన్ను కూడా కూర్చోమన్నారు. వంటింటి సీను చెప్పే రోజు తలుపు తోసుకుని నీరజ గారు లోపలికి వచ్చింది. ఇన్నేళ్లలో తన డబ్బింగ్‌కు ఆవిడ ఎప్పుడూ రాలేదట.

అనసూయ గారు లేచి నిలబడ్డారు. తెల్లజుట్టు, నేత చీర, చేతిలో కళ్లద్దాలు. అన్ని సినిమాలకు ఒకరి ముఖం ఒకరి గొంతు అయిన ఆ ఇద్దరూ దూరం నుంచి దండాలు పెట్టుకోవడమే తప్ప ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నది లేదు.

"రండమ్మా. మీరు వస్తారని ఎవరూ చెప్పలేదు" అన్నారు అనసూయ గారు.

"మీరు చెప్పుండ్రి అక్కా. నేను మూలకు కూసుంట."

పైలట్ వేశారు. నీరజ గారి గొంతు గదిలో నిండింది. అనసూయ గారు విన్నారు, మళ్లీ వేయమన్నారు, మళ్లీ విన్నారు. చెప్పారు. అందంగా చెప్పారు. కానీ ఆ పలుకులో అనసూయ గారి ఊరే వినపడుతోంది. ఎంత ప్రయత్నించినా 'వినవు' అనే వస్తోంది.

మూల నుంచి నీరజ గారు లేచి వచ్చింది.

"ఇనవు అక్కా. వినవు అంటే ఆమె బడికి పోయొచ్చినట్టుంది. ఇనవు. ఇంకోపారి అనుండ్రి."

"ఇనవు."

"గంతే. ఇగ పలుకుతలేను అన్నకాడ జర ఆగాలె. ఆమెకు ఆడ ఊపిరి అందదు."

అలా ఒక్కొక్క మాటా చెప్పింది. ఎక్కడ ఒత్తాలో, ఎక్కడ వదిలేయాలో. పక్కన నిలబడి, అనసూయ గారి మోచేతి మీద చెయ్యి వేసి. తన మాటలు, తన సొంత సంసారంలోంచి ఊడిపడిన మాటలు. కొంతసేపటికి అనసూయ గారు కళ్లద్దాలు తీసేసి మైకు ముందు నుంచి పక్కకు జరిగారు.

"నా వల్ల కాదమ్మా. మీరు చెప్పండి. నేను చెప్పానని చెబుతాను. ఎవరికీ తెలియదు."

గదిలో అందరం నీరజ గారి వైపు చూశాం. ఆవిడ మైకును చూసింది. చాలాసేపు చూసింది.

"వద్దక్కా. మీరు చెప్పితె ఉంటది. నేను చెప్పితె మల్ల తీసేస్తరు."

అనసూయ గారు ఏడుస్తూనే ముందుకు వచ్చారు. ఆ టేకే సినిమాలో ఉంది. నేను అబద్ధం చెప్పను, అద్భుతంగా ఉంది. వినేవాడికి ఎక్కడా అతుకు తెలియదు.

సినిమా బాగా ఆడింది. నీరజ తెలంగాణ పలుకుబడిలో జీవించిందని రాశారు. పాల్మాకుల నుంచి ఆవిడ తల్లిని ఆరాంఘర్ దగ్గర హాలుకు తీసుకుపోయారట. ముసలావిడ ఇంటర్వెల్ దాకా ఓపిగ్గా కూర్చుని, నా బిడ్డ ఎప్పుడు మాట్లాడుతది అని పక్కవాళ్లను అడిగిందట. ఇది నాకు నీరజ గారు చెప్పింది. చెబుతూ నవ్వడానికి ప్రయత్నించింది.

తర్వాత

ఆవిడ ఇంక వేషాలు వేయలేదు. తల్లికి చేతకావడం లేదని పాల్మాకుల వెళ్లింది. తల్లి పోయాక కూడా తిరిగి రాలేదు. విడిపోయారా అంటే ఎవరూ అవునని చెప్పరు. ప్రభాకర్ గారు ఆదివారాలు వచ్చి భోంచేసి వెళ్లేవారు. తర్వాత ఆవిడకు జబ్బు చేసింది. ముదిరాక తెలిసింది. ఆయన సినిమాలు పక్కన పెట్టి దవాఖానల చుట్టూ తిరిగారు. చివరి నెలలు ఆ సందులో ఇంట్లోనే ఇద్దరూ ఉన్నారు. అక్కడే ఆవిడ పోయింది. ఊరి చర్చి పక్క సమాధుల తోటలో పెట్టారు. రాతి మీద ఎస్తేరు అనే ఉంది.

సంవత్సరం తిరిగాక జ్ఞాపకార్థ కూడికకు పిలిస్తే వెళ్లాను. ప్రార్థన అయిపోయి, భోజనాలు అయిపోయి, జనం వెళ్లిపోయాక ప్రభాకర్ గారు నన్ను ఆగమన్నారు. బాగా చిక్కిపోయారు. అరుగు మీద పక్కపక్కన కూర్చున్నాం.

"ఆ వంటింటి సీను రికార్డింగ్ మీ దగ్గర ఉందా సత్యం గారూ?"

"లేదు సార్. మొత్తం మీ ఆఫీసుకే ఇచ్చేశాను. కాపీ ఉంచుకోను."

"ఆఫీసులో వెతికించాను. ఆ డిస్కుల మీద తర్వాతి సినిమా ఎక్కించేశారట."

అది మామూలే. అందరూ చేసేదే.

"ఫోన్లో రెండు మూడు వీడియోలున్నాయి. కేకు కోసేటప్పుడు, ఎవరినో రమ్మంటూ. మాట్లాడిందేమీ లేదు. నేను ఎదురుగా ఉంటే ఆమె పెద్దగా మాట్లాడేది కాదు కదండీ." ఆయన చేతులు చూసుకున్నారు. "రాత్రిళ్లు ఆమెను తలుచుకుంటాను. ముఖం వస్తుంది. నోరు తెరిస్తే అనసూయ గారి గొంతు వస్తోంది. పాతికేళ్లు కాపురం చేశాను సత్యం గారూ. గొంతు గుర్తు రావట్లేదు."

ఓదార్చడం నాకు చేతకాదు. విని ఊరుకోవడమే నా వృత్తి. ఆయన పక్కన అలాగే కూర్చున్నాను. సందులో ఎవరో మేకలను తోలుకుపోతున్నారు. అవి దాటిపోయాక ఆయనే మళ్లీ మొదలుపెట్టారు.

"ఒక్కటి గుర్తుంది. వాళ్లమ్మతో ఫోన్లో మాట్లాడేది, తలుపు దగ్గరగా వేసుకుని. నేను అవతలి గదిలో ఉండేవాణ్ణి. గంటలు గంటలు మాట్లాడేది, నవ్వేది. ఏం మాట్లాడేదో నేను పట్టించుకోలేదు. పెట్టేసేటప్పుడు మాత్రం ఒక మాట అనేది."

ఆగారు. ఆ గోదావరి నోటితో, భార్య మాటను జీవితంలో మొదటిసారి పలకబోతున్న మనిషిలా, నెమ్మదిగా, ఒక్కొక్క అక్షరం జాగ్రత్తగా చూసుకుంటూ అన్నారు.

"ఇగ ఉంటనే అమ్మా."

అని నా వైపు తిరిగి, "సరిగ్గా అన్నానా?" అని అడిగారు.

సరిగ్గానే అన్నారని చెప్పాను.